నాపబండ మీద మచ్చ

యాసిడ్ కొనింది నేనే.
సైకిలు మీద ఫినాయిలు, పొరకలు అమ్మేటాయన దగ్గర,
కూల్‌డ్రింకు సీసాలో పోసిచ్చినాడు,
అడక్కుండానే ఇంకో మూతెడు ఎక్కువ.

పిల్లోనికి నాలుగు దినాలు విరేచనాలు.
ఎర్రగుంట్ల ఆసుపత్రిలో రెండు సెలైన్లు ఎక్కించి
నర్సమ్మ ఒకటే మాట అడిగింది:
"మీ ఇంట్లో బాత్రూము ఎట్లుంటాది?"
నాకు నోరు రాలేదు.
అడుగున పాచి పట్టిన బకెట్టు,
గోడకు కరుచుకున్న సబ్బుపెచ్చు,
పైపు ఎనక నేనెప్పుడూ వంగి చూడని చీకటి,
ఒకదానెంక ఒకటి వచ్చి నిలబడినాయి
నా మీద సాక్ష్యం చెప్పేదానికి.

ఆ పొద్దే ఇంటికొచ్చి
పిల్లోన్ని మా ఆడబిడ్డ ఒళ్ళో ఏసి
కొంగు నడుముకు చెక్కుకొని
సీసా మూత తీసి నేలంతా ఒలకబోసినా.

బండ బుస్సుమనింది.
నల్లటి నాపబండ తెల్లటి నురగ కక్కతాంటే
మురికి చస్తాందనుకొని సంబరపడినా.
పొగ గొంతులో దిగినాక తెలిసింది,
దగ్గుకుంటా బయట పడినా.
నీళ్ళు కొట్టి, ఆరినాక చూస్తే
చాటంత మేర బూడిద పూసినట్టు మచ్చ.
మురికి మాత్రం పైపు ఎనక పదిలంగా ఉండాది.

బండలు పరిచిన దస్తగిరిని పిలిపిచ్చినా.
మోకాళ్ళ మీద కూచుని, మచ్చ మీద అరచెయ్యి పెట్టి
ఎంతసేపో మాట్లాడలే.
"ఎంత పని చేస్తివమ్మా.
ఇది సున్నపురాయి, నిడుజివ్వి గనిది.
నీ కొళాయికి తెల్లగా గార కట్టింది చూడు,
అది గూడా ఈ రాయే.
బోరు నీళ్ళు భూమిలోంచి వస్తా వస్తా
ఇంత రాయిని కరగదీసుకొని వస్తాయి.
ఏది గారో ఏది బండో
యాసిడ్‌కు ఎట్ల తెలుస్తాది?"
చెవి మీద బీడీ సర్దుకొని లేస్తా, గడపలో నిలబడి అన్న్యాడు:
"తడి ఉంచొద్దు. అంతే దీనికి మందు."

అంతేనా అనుకున్న్యా.
ఆ 'అంతే' చేసేదానికి నడుం ఎంత వంగల్లో
ఆయనకేం తెలుసు.

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీ నైటు డ్యూటీ దిగొచ్చి
ఒంటి మీది కొండను కడుక్కొని పోయినాక
రబ్బరు పొరకతో నీళ్ళన్నీ తూముకు లాగతా.
చెంబు బోర్లిస్తా. కిటికీ తెరుస్తా.
బకెట్టు తిరగేసి అడుగు తోమతా
(బకెట్టుకు అడుగుంటాదని
కాపురానికొచ్చిన పదేండ్లకు తెలిసింది).
కొళాయికి రాత్రే చింతపండు పిప్పి పట్టించి
తెల్లారి పాత బ్రష్షుతో రుద్దతా,
కింద బండ మీద చుక్క పడకుండా గుడ్డ పరిచి.
లెట్రిన్ బ్రష్షుకు వేరే మేకు,
పిల్లోనికి అందనంత పైన.
శనివారం తూము మీది జల్లెడ ఎత్తితే
ఇంటిల్లిపాది వెంట్రుకలూ కలిసి
ఒకటే జడగా వస్తాయి.
పొద్దున పోట్లాడుకున్నోళ్ళవి గూడా.

నిజం చెప్పల్ల. కొన్ని దినాలు చెయ్యను.
కరెంటు లేక మోటారు ఆడదు,
లేకుంటే నాకే సాతగాదు.
రెండో దినానికే మూలన జిగురు లేస్తాది.
కంటికి కనపడకముందే కాలికి తెలుస్తాది.

మా గురుచరణు ఇప్పుడు సబ్బు రుద్దుకుంటా
ఇరవై దాకా అంకెలు చెప్తాడు,
పద్నాలుగు మర్చిపోయి.
తడికాళ్ళతో వచ్చి ఒక దినం అడిగినాడు:
"మ్మా, మచ్చ యాడికి పాయె?"

వాడు చూసిందాకా నేను గమనించలే.
తడి ఉన్నంతసేపూ బండ అంతా నల్లగానే ఉంటాది,
ఏమీ జరగనట్టు.
ఆరితేనే మచ్చ పైకి తేలతాది.

అందుకే నాకు గడియారం అక్కరలే.
నీళ్ళు లాగి, గుడ్డ పెట్టి తుడిచి,
కిటికీ గాలికి ఒక నిముసం నిలబడతా.
నా తప్పు తెల్లగా కనపడిందంటే
ఆ పొద్దుకు పని అయిపోయినట్టు.